నొప్పి లేని చెవి



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికి అంకితమో ఆ టీచరమ్మగారు ఉద్యోగకాలమంతా ఒకటి, రెండు తరగతులకే పాఠం చెప్పారు. పై తరగతులు ఇస్తామన్నా పుచ్చుకోలేదు. చెవి వైద్యుడినైన నా దగ్గరికి ఆమె పంపిన పిల్లల చేతిలో ఒక చీటీ ఉండేది. రోగం పేరు రాసేవారు కారు, చూసింది చూసినట్టు రాసేవారు. ‘దసరా సెలవుల దాకా బాగానే రాశాడు. ఇప్పుడు డిక్టేషన్‌లో తప్పులు వస్తున్నాయి. చూచిరాతలో ఒక్క తప్పూ లేదు. చెవి చూడగలరు.’ కన్ను, చెయ్యి, బుర్ర సరిగానే పనిచేస్తున్నాయనీ, లోపం చెవి దారిలో ఉండవచ్చుననీ ఆ నాలుగు ముక్కల్లో తేలిపోయేది. పిల్లల మధ్యచెవిలో చేరే నీటి గురించి ఆమె పేరు మీద మాట్లాడమని ధర్మనిధి ట్రస్టువారు అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాను.

మన ఇళ్ళల్లో పిల్లల చెవి జబ్బు అంటే రెండే. ఒకటి చెవిపోటు. అర్ధరాత్రి పిల్లవాడు చెవి పట్టుకుని గుక్కపట్టి ఏడుస్తాడు, ఒళ్ళు కాలిపోతుంటుంది, ఇల్లంతా లేచి కూర్చుంటుంది. రెండోది చెవి కారడం. దిండు మీద చీము మరక పడుతుంది, వాసన వస్తుంది, పక్కన కూర్చున్న పిల్లలు జరిగిపోతారు. ఈ రెంటినీ దాచుదామన్నా దాగవు. నేను చెప్పబోయే మూడోదానికి నొప్పి లేదు, జ్వరం లేదు, చీము లేదు. కర్ణభేరి వెనక గాలి ఉండవలసిన చోట నీరు చేరుతుంది. వారాలు నిలిస్తే చిక్కబడి జిగురవుతుంది. బడి ఈడు వచ్చేలోగా పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వచ్చి పోతుందని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2016లో ప్రకటించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆరు నెలలకూ నాలుగేళ్ళకూ మధ్య మరీ ఎక్కువ. చాలామందిలో వచ్చిన సంగతీ తెలియదు, పోయిన సంగతీ తెలియదు. పోకుండా నిలిచిపోయిన కొద్దిమంది గురించే నా బాధంతా.

“వీడికి చెవుడేమీ లేదండీ డాక్టరుగారూ, టీవీ బ్రహ్మాండంగా వింటాడు. మనం పిలిస్తేనే పలకడు” అంటూ నాయనమ్మ మొదలుపెడుతుంది. “టీవీ సౌండు ఎంత పెడతాడమ్మా?” అని అడుగుతాను. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. “అవునండోయ్, తగ్గిస్తే గొడవ చేస్తాడు. పక్కింటివాళ్ళు కూడా అన్నారు” అంటుంది తల్లి. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికి వస్తాయి. రాత్రి నోరు తెరుచుకుని పడుకుంటాడు, గురక పెడతాడు. జలుబు వదలదు. నడుస్తూ నడుస్తూ తూలి పడతాడు. వెనక నుంచి పిలిస్తే తిరగడు, ఎదుటికొచ్చి చెబితే పని చేస్తాడు. నిన్న విన్నాడుగా, ఇవాళ ఏమొచ్చింది అని తండ్రి విసుక్కుంటాడు. ఆ విసుగులోనే జబ్బు గుట్టు ఉంది. ఈ వినికిడి లోపం ఒక్క తీరుగా ఉండదు. నీరు పెరిగిన వారం తగ్గుతుంది, కాస్త గాలి ఆడిన వారం తేరుకుంటుంది. ఎప్పుడూ విననివాణ్ణి ఎవరైనా డాక్టరు దగ్గరికి తీసుకువెళతారు. ఒకరోజు విని ఒకరోజు విననివాడికి మాత్రం మొండివాడనే పేరు పడుతుంది.

లోపల ఏం జరుగుతోందో కొంచెం చూద్దాం. మధ్యచెవి ఒకట్రెండు మిల్లీలీటర్లకు మించని గాలి గది. దానికి బయటిగోడ కర్ణభేరి. లోపలిగోడ అవతల లోచెవి. రెంటికీ వంతెనగా మూడు చిన్న ఎముకలు. కర్ణభేరిలో కదిలే భాగం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు ఉంటే, చివరి ఎముక పాదం 3 చదరపు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. విశాలమైన పొర మీద పడిన బలమంతా ఆ చిన్న పాదం మీదకు చేరి, ఎముకల మీట బలం కూడా తోడై, శబ్దపు ఒత్తిడి సుమారు 22 రెట్లవుతుంది. లోచెవిలో ఉన్నది ద్రవం కనక ఆ మాత్రం బలం లేనిదే గాలిలోని మాట దానిలోకి దిగదు. పొరకు రెండు వైపులా గాలి ఒకే ఒత్తిడిలో ఉన్నంతవరకే ఈ ఏర్పాటు సాగుతుంది. వెనక నీరు నిండితే పొర బరువెక్కి కదలడం మానేస్తుంది. వినికిడి సగటున 25 నుంచి 28 డెసిబెల్స్ తగ్గుతుంది. కొందరిలో తేడాయే కనపడదు, కొందరిలో 40 దాకా పోతుంది.

28 డెసిబెల్స్ అంటే ఏపాటి లోపమో తెలియాలంటే నేను మాట్లాడుతుండగానే రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకోండి. నా గొంతు మీకు వినపడుతూనే ఉంటుంది. ఏమన్నానో మాత్రం సగం సగం అందుతుంది. ఇక తరగతి గదికి రండి. మామూలు గొంతుతో మాట్లాడితే ఒక మీటరు దూరంలో దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 పోతాయి. నాలుగు మీటర్ల అవతల కూర్చున్న పిల్లవాడికి చేరేది 48. గోడల ప్రతిధ్వని వల్ల కాస్త కలిసొస్తుందనుకున్నా, అందులోంచి 28 తీసేస్తే మిగిలేది గుసగుస. పైన ఫ్యాను తిరుగుతుంటుంది, పక్క గదిలో ఎక్కాలు వల్లిస్తుంటారు, చుట్టూ ముప్పై నలభైమంది పిల్లలుంటారు.

మాటలో అన్ని ధ్వనులూ ఒకే బలంతో ఉండవు. అచ్చులు గట్టివి, ఈ లోపానికి అంత తేలిగ్గా లొంగవు. స, శ, ఫ, త వంటివి మెత్తనివి, ముందుగా పోయేవి అవే. పైగా తెలుగులో వ్యాకరణమంతా మాట చివరికి చేరింది. వచ్చాడా వచ్చారా, చెట్టా చెట్లా, ఇంట్లోనా ఇంటికా అన్నది చివర తేలాలి. మన గొంతు జారేదీ అక్కడే. మాటలు నేర్చే ఈడులో, అంటే రెండు మూడేళ్ళప్పుడు, నెలల తరబడి మాట చివరలు అందని పిల్లవాడు వాక్యం రాగాన్ని పట్టుకుని మిగతాది ఊహించుకుంటాడు. తెలివైనవాడైతే ఊహ చాలాసార్లు సరిపోతుంది. అలాంటివాడి సంగతి బయటపడడానికి ఇంకా ఆలస్యమవుతుంది.

నీరు ఎందుకు చేరుతుంది? స్నానం చేయిస్తుంటే చెవిలోకి నీళ్ళు పోయాయేమోనని తల్లులు భయపడుతూ అడుగుతారు. కాదు. కర్ణభేరికి చిల్లు లేనంతవరకు బయటి నీరు చుక్క కూడా లోపలికి పోదు. ఈ నీరు మధ్యచెవి లోపలి పొరే ఊరబెట్టినది. ముక్కు వెనక భాగం నుంచి మధ్యచెవికి ఒక సన్నని గొట్టం ఉంది. 16వ శతాబ్దంలో రోమ్ నగరంలో పనిచేసిన శరీరశాస్త్రజ్ఞుడు బార్తొలొమియో యుస్తాకి వర్ణించాడు గనక యూస్టేషియన్ గొట్టమని పేరు. మామూలుగా మూసుకునే ఉంటుంది. మింగినప్పుడు, ఆవలించినప్పుడు అంగిలి కండరం లాగితే క్షణం తెరుచుకుని గాలి అందిస్తుంది. పెద్దవాళ్ళలో దీని పొడవు 35 మిల్లీమీటర్లు, వాలు దాదాపు 45 డిగ్రీలు. పసిపిల్లల్లో పొడవు అందులో సగం, వాలు 10 డిగ్రీలే. పొట్టిగా, అడ్డంగా, మెత్తగా ఉన్న ఆ గొట్టంలోకి ముక్కులోని సూక్ష్మజీవులు ఎక్కడం తేలిక, చెవిలోని తేమ దిగడం కష్టం. పిల్లవాడు ఎదిగేకొద్దీ గొట్టం పొడుగై వాలు పెరుగుతుంది. ఏడెనిమిదేళ్ళు దాటాక ఈ జబ్బు తగ్గుముఖం పట్టడానికి ఒక కారణం అదే.

వియన్నాలో ఆడమ్ పొలిట్జర్ 1860లలోనే ఒక సిద్ధాంతం చెప్పాడు. గొట్టం మూసుకుపోతే మధ్యచెవిలోని గాలిని ఆ లోపలి పొర పీల్చేసుకుంటుంది, ఒత్తిడి పడిపోతుంది, ఆ ఖాళీలోకి పొర నుంచి నీరు ఊరుతుంది అని. చాలాకాలం దానినే చదువుకున్నాం. అందులో నిజం ఉంది గాని అదే సాంతం కాదు. పల్చని నీరు జిగురుగా ఎందుకు మారుతుందో ఆ లెక్కలో తేలదు. చెవిలోంచి తీసిన జిగురును ల్యాబుకు పంపితే చాలాసార్లు క్రిములేవీ పెరిగేవి కావు. అందువల్ల ఇది క్రిముల జబ్బు కాదనుకున్నారు. 2006లో అమెరికాలో పిల్లల మధ్యచెవి పొర ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూస్తే, 50 ముక్కల్లో 46టిలో క్రిములు గుంపులుగా, తమ చుట్టూ జిగురు అల్లుకుని పొరకు అంటిపెట్టుకుని ఉన్నాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు. ఆ జిగురులో దాగిన క్రిమిని యాంటీబయాటిక్ అంత తేలిగ్గా తాకలేదు. అది నిద్రాణంగా ఉండి పొరను రెచ్చగొడుతూనే ఉంటుంది, పొర శ్లేష్మం వదులుతూనే ఉంటుంది. మందు వాడిన వారం బాగుండి మళ్ళీ మొదటికి రావడం వెనక ఇంత కథ ఉంది.

గొట్టం ముక్కులోకి తెరుచుకునే చోటికి ఆనుకునే అడినాయిడ్స్ అనే గ్రంథులు ఉంటాయి. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా అవి పెద్దవిగా ఉండి తర్వాత కుదించుకుపోతాయి. నోరు తెరిచి నిద్రపోవడానికీ గురకకూ కారణం చాలాసార్లు ఇవే. దారికి అడ్డుపడడం కంటే క్రిములకు కొలువుగా ఉండడం వల్ల ఇవి చెవికి ఎక్కువ చెరుపు చేస్తాయని ఇప్పుడు అనుకుంటున్నాం. ఇంట్లో చుట్టా బీడీ సిగరెట్ల పొగ ఉంటే ఈ జబ్బు పెరుగుతుందని అధ్యయనాలు తేల్చాయి. కట్టెల పొయ్యి పొగ పసివాడి ముక్కుకు మేలు చెయ్యదని వేరే చెప్పాలా? తలంటి పోశాక పసివాడి తల మీద గంప బోర్లించి సాంబ్రాణి పొగ పట్టే అలవాటును కూడా మానమనే నేను తల్లులకు చెబుతున్నాను. పసివాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి పాలసీసా పట్టకండి, తల ఎత్తి పట్టండి. తల్లిపాలు తాగిన పిల్లలకు చెవిపోట్లు తక్కువ. చెవిపోటు వచ్చి తగ్గిన తర్వాత మిగిలిపోయే నీరు కూడా ఆ మేరకు తక్కువే.

ఇక్కడ గ్రహణం మొర్రి గురించి చెప్పకపోతే తప్పు. అంగిలి చీలికతో పుట్టిన బిడ్డకు గొట్టాన్ని తెరిచే కండరానికి పట్టు ఉండదు. 1969లో పిట్స్‌బర్గ్‌కు చెందిన జాక్ పారడైజ్, చార్లెస్ బ్లూస్టోన్ బృందం అంగిలి చీలిన 50 మంది పసిపిల్లల్ని పరీక్షించి, దాదాపు అందరి మధ్యచెవిలోనూ జబ్బు ఉందని చూపించింది. మన దగ్గర కుట్టు వేయించడానికి ఇప్పుడు ఉచిత సౌకర్యాలున్నాయి, చాలా సంతోషం. గ్రహణం నాడు తల్లి కూర తరగడం వల్ల మొర్రి వచ్చిందని ఇంటిల్లిపాదీ ఆమెను ఆడిపోసుకుంటున్నారే, అది మానేసి ఆ శ్రద్ధ బిడ్డ చెవి మీద పెట్టండి. పెదవి అతుక్కున్నాక ఇంటికి వెళ్ళిపోయి, మాట ముద్దగా ఉందని ఆరేళ్ళకు వస్తారు. అప్పటికి చెవిలో జిగురు పాతబడిపోయి ఉంటుంది. డౌన్ సిండ్రోమ్ పిల్లల సంగతీ ఇంతే. వీరి చెవులు పుట్టిన ఏడాది నుంచే చూస్తుండాలి.

జబ్బును ఎలా పట్టుకుంటాం? ఆరోగ్యంగా ఉన్న కర్ణభేరి ముత్యపు రంగులో, కాస్త అవతలిది కనిపించేంత పల్చగా ఉంటుంది. దీపం వేస్తే ముందు భాగాన ఒక వెలుగు ముక్కోణం మెరుస్తుంది. నీరు చేరిన చెవిలో ఆ మెరుపు ఉండదు. పొర పసుపుగానో తేనెరంగులోనో మందకొడిగా ఉంటుంది, సుత్తి ఎముక పిడి లోపలికి ఈడ్చుకుపోయి అడ్డంగా కనపడుతుంది. అదృష్టం బాగుంటే నీటి మట్టం గీతో, రెండు మూడు గాలి బుడగలో కనిపిస్తాయి. అంతటితో ఆగకూడదు. సీగల్ స్పెక్యులమ్ అనే రబ్బరు బుడ్డి ఉన్న పరికరాన్ని చెవికి బిగించి మెల్లగా నొక్కితే బాగున్న పొర ముందుకీ వెనక్కీ ఊగుతుంది. నీరున్న పొర ఊగదు. దానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు, కాస్త ఓపిక కావాలి. టింపానోమీటరు ఇదే పనిని నిమిషంలో చేసి కాగితం మీద గీత గీస్తుంది. బాగున్న చెవికి కొండలా లేచే గీత, నీరున్న చెవికి చదునుగా సాగిపోతుంది. నాలుగేళ్ళు దాటిన పిల్లలకు హెడ్‌ఫోన్ పెట్టి ఆడియోగ్రామ్ తీయవచ్చు. పుట్టినప్పుడు చేసిన వినికిడి పరీక్ష పాసయ్యాడు కదా అనకండి. ఆ పరీక్ష ఆ రోజుకే. ఈ జబ్బు ఆ తర్వాత వచ్చేది.

ఇక వైద్యం. నా దగ్గరికి వచ్చే తల్లుల సంచిలో సాధారణంగా నాలుగు సీసాలుంటాయి: ఒక యాంటీబయాటిక్, ఒక జలుబు సిరప్, ఒక అలర్జీ మందు, చెవిలో వేసే చుక్కలు. వీటిలో ఏదీ ఈ నీటిని తీసెయ్యదు. చెవిలో వేసిన చుక్క, చిల్లు లేని పొరను దాటి వెనక్కి పోనే పోదు. వెల్లుల్లి కాచిన నూనె, ఉల్లిరసం, తల్లిపాలు అన్నిటిదీ అదే దారి, పైగా వేడినూనె చెవి కాల్చిన కేసులు చూస్తున్నాం. యాంటీబయాటిక్ కొందరిలో కొద్దిరోజుల ఉపశమనం ఇచ్చినా, విరేచనాలు, మందుకు మొండికేసే క్రిములు అనే నష్టాలతో తూస్తే వాడవద్దనే మార్గదర్శకాలు చెబుతున్నాయి. జలుబు సిరప్‌ల వల్ల లాభం లేదని పరీక్షలు ఎన్నోసార్లు తేల్చాయి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీదే హెచ్చరిక వేయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఆ సీసాలు ఇంకా ఇళ్ళల్లో కనిపిస్తూనే ఉన్నాయి. స్టెరాయిడ్ మాత్రల మీద కొందరికి గట్టి నమ్మకం ఉండేది. బ్రిటన్‌లో 389 మంది పిల్లల మీద పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. ఐదు వారాలకు వినికిడి సరైనవారు మందు తిన్న పిల్లల్లో నూటికి 40 మంది, ఉత్తుత్తి మాత్ర తిన్నవారిలో 33 మంది. గణాంకాల లెక్కలో అది చెప్పుకోదగ్గ తేడా కాదు.

ఆ 33 మందిని చూడండి. మందే లేకుండా ఐదు వారాల్లో తేరుకున్నారు. చెవిపోటు తర్వాత మిగిలిన నీరైతే మూడు నెలల్లో నూటికి 75 నుంచి 90 మందికి దానంతటదే పోతుంది. అందుకే మొదటి మూడు నెలలు ఆగి చూడమంటాం. ‘ఏ మందూ రాయలేదు, ఫీజు మాత్రం తీసుకున్నాడు’ అని తండ్రులు నొచ్చుకుంటారని నాకు తెలుసు. ఆ నొప్పికి భయపడే మనలో చాలామంది ఆ నాలుగు సీసాలూ రాస్తున్నాం. నా తోటి వైద్యులకు చేతులు జోడించి చెబుతున్నాను: మందు రాయకుండా పంపడానికి పదినిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆ పదినిమిషాలే మన వైద్యం.

అయితే ఆగడమంటే వదిలేయడం కాదు. తేదీ వేసుకుని ఆగాలి. మొదటి రోజు చెవి బొమ్మ, టింపానోగ్రామ్, వీలైతే ఆడియోగ్రామ్ కాగితం మీద ఉండాలి. మూడు నెలలకు మళ్ళీ చూడాలి. ఈలోగా పిల్లవాడు ముందు వరుసలో కూర్చోవాలి, వరుసలో చివర కాకుండా మధ్యన. టీచరు బోర్డు వైపు తిరిగి మాట్లాడకుండా మొహం చూపించి చెప్పాలి. ఇంట్లో పక్క గదిలోంచి కేకేయకుండా దగ్గరికి వెళ్ళి, భుజం తట్టి, కళ్ళలోకి చూసి చెప్పండి. టీవీ కట్టేసి రోజుకు ఒక కథ ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పండి. నాలుగేళ్ళు దాటినవాడైతే ముక్కుతో బెలూన్ ఊదించే చికిత్స ఒకటి ఉంది. ఒక ముక్కుపుట మూసి, రెండోదానికి చిన్న గొట్టం ఆనించి, నోరు మూసుకుని బెలూన్ ఉబ్బేలా ఊదాలి. ఆ ఒత్తిడికి యూస్టేషియన్ గొట్టం తెరుచుకుంటుంది. బ్రిటన్‌లో 320 మంది బడిపిల్లల మీద చేసిన పరీక్ష 2015లో వెలువడింది. రోజుకు మూడుసార్లు ఊదినవారిలో మూడు నెలలకు నూటికి 50 మంది దాకా చెవి బాగుపడింది, ఊదనివారిలో 38 మందికి. పెద్ద అద్భుతమేమీ కాదు గాని హాని లేదు, ఖర్చు తక్కువ.

మూడు నెలలు దాటినా రెండు చెవుల్లోనూ నీరు నిలిచి, రెంటిలో మెరుగైన చెవిలో కూడా లోపం 25, 30 డెసిబెల్స్‌కు తగ్గకపోతే అప్పుడు కర్ణభేరిలో పెట్టే గ్రొమెట్ అనే చిన్న గొట్టం గురించి మాట్లాడతాం. బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2008లో పెట్టిన కొలత ఇది. నేనూ ఇదే పాటిస్తాను. గ్రొమెట్ వెనక పెద్ద చరిత్రే ఉంది. 1801లో లండన్‌లో ఆస్ట్లీ కూపర్ కర్ణభేరికి చిల్లు పొడిచి కొందరికి వినికిడి తెప్పించాడు, రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది. చిక్కేమిటంటే ఆ చిల్లు కొద్దిరోజుల్లో పూడిపోయేది. పొలిట్జర్ నడుమ రంధ్రం ఉన్న చిన్న రబ్బరు బిళ్ళ ఒకటి చిల్లులో దిగవేసి చూశాడు, అది నిలవలేదు. మళ్ళీ 1954లో అమెరికాలోని షార్లెట్ నగరంలో బెవర్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్లాస్టిక్ గొట్టం పెట్టే దాకా ఈ వైద్యం ముందుకు సాగలేదు. ఆ తర్వాత అతి కూడా జరిగింది. 1980లలో బ్రిటన్‌లో పిల్లలకు చేసే ఆపరేషన్లలో ఇదే అగ్రస్థానంలో ఉండేది. ఇన్ని అవసరమా అని 1992లో అక్కడ ఒక సమీక్ష ప్రశ్నించాక తగ్గుముఖం పట్టాయి.

ఆపరేషన్ ఎలా ఉంటుందో భయం లేకుండా చెబుతాను. పిల్లవాడికి పూర్తి మత్తు ఇస్తారు. చెవి బయట ఎక్కడా కోత ఉండదు. మైక్రోస్కోపులో చూస్తూ కర్ణభేరి ముందు కింది భాగాన రెండు మిల్లీమీటర్ల గీటు పెడతాం. పల్చని నీరైతే సక్షన్ మొన తాకగానే లాగేస్తుంది. పాతబడిన జిగురైతే మొనను పట్టుకుని తీగలా సాగుతుంది, తెగదు, గొట్టం మూసుకుపోతుంది, తీసి కడిగి మళ్ళీ పెట్టాలి. ఆ తర్వాత నడుం సన్నగా, రెండంచులూ వెడల్పుగా ఉన్న గ్రొమెట్‌ను ఆ గీటులో బొత్తాం పెట్టినట్టు దిగవేస్తాం. దాని పని నీటిని బయటికి కార్చడమని అందరూ అనుకుంటారు. అసలు పని గాలిని లోపలికి పంపడం. నూనె డబ్బాకు ఒకే బొక్క పెడితే నూనె ధార కట్టదు, ఎదురుగా రెండోది పొడిస్తే సాఫీగా జారుతుంది కదా. ఆ రెండో బొక్క గ్రొమెట్. అది గాలి అందిస్తుంటే మధ్యచెవి మిగిలిన తేమను తన పాత గొట్టం గుండానే దించుకుంటుంది, పొర కూడా కొన్ని నెలల్లో ఆరోగ్యం పుంజుకుంటుంది. సాయంత్రానికి ఇంటికి పంపిస్తాం. మర్నాడు తల్లి ఫోన్ చేసి, మిక్సీ వేస్తే ఉలిక్కిపడి ఏడుస్తున్నాడండీ అంటుంది. అది మేం ఎదురుచూసే ఫోనే.

ఆరు నుంచి పన్నెండు నెలల్లో, ఒక్కోసారి ఇంకొంత ఆలస్యంగా, కర్ణభేరి దాన్ని తనంతట తానే బయటికి నెట్టేస్తుంది, చిల్లు పూడుతుంది. నూటికి ఒకరిద్దరికి పూడదు, తర్వాత చిన్న ఆపరేషన్ కావాలి. కొందరికి గ్రొమెట్ గుండా చీము కారుతుంది. దానికి నోటి మందు కంటే చెవిలో వేసే యాంటీబయాటిక్, స్టెరాయిడ్ చుక్కలే మేలని నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్ష 2014లో స్పష్టంగా తేల్చింది. మామూలు స్నానానికి అభ్యంతరం లేదు. చెరువులో, కాలువలో మునగడం మాత్రం ఆపండి. తలంటు రోజున చెవిలో నూనె పోసే పెద్దవాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే ఇప్పుడు దారి తెరిచి ఉంది. నాలుగేళ్ళు దాటిన పిల్లవాడికి అడినాయిడ్స్ కూడా తీసేస్తే లాభం రెండో ఏడాది దాకా నిలుస్తుందనీ, మళ్ళీ గ్రొమెట్ అవసరం తగ్గుతుందనీ తెలుసు. అంతకంటే చిన్నవాడైతే, ముక్కు బాధ వేరే ఉంటే తప్ప వాటి జోలికి పోను. మత్తు వద్దనుకునే కుటుంబానికి, ఆపరేషన్ పడని పిల్లవాడికి వినికిడి యంత్రం కూడా గౌరవంగా ఎంచుకోదగిన మార్గమే.

మరి తొందరపడి పెట్టకపోతే పిల్లవాడి చదువు పాడవుతుందా? తల్లుల గుండెల్లో ఉండే ప్రశ్న ఇది. దీనికి జవాబు కోసం జాక్ పారడైజ్ పిట్స్‌బర్గ్‌లో 6,350 మంది పసిపిల్లల్ని పుట్టిన రెండు నెలల లోపు నుంచే చూస్తూ వచ్చారు. మూడేళ్ళ లోపు నీరు నిలిచిన 429 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి వెంటనే గ్రొమెట్ పెట్టారు, రెండో వర్గానికి తొమ్మిది నెలల దాకా ఆగి, అప్పటికీ అవసరమైతేనే పెట్టారు. మూడేళ్ళకు, నాలుగేళ్ళకు, ఆరేళ్ళకు, చివరికి తొమ్మిది నుంచి పదకొండేళ్ళ మధ్య మాట, చదువు, తెలివి, నడవడి అన్నీ కొలిచారు. తేడా లేదు. 2007లో వచ్చిన ఆ చివరి ఫలితం చదివి నాలాంటి ఎందరో వైద్యుల చెయ్యి నెమ్మదించింది. కానీ ఆ అధ్యయనాన్ని మనకు అన్వయించేటప్పుడు ఒకటి మరవకూడదు. అందులో చేరినవాళ్ళు మిగతా ఆరోగ్యం బాగున్న పిల్లలు, నెలనెలా ఎవరో ఒకరు చెవి చూస్తున్న పిల్లలు. అంగిలి చీలినవాళ్ళు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళు, అప్పటికే లోచెవిలో లోపం ఉన్నవాళ్ళు, మాట వెనకబడినవాళ్ళు ఆ లెక్కలోకి రారు. వాళ్ళను మూడు నెలలు ఆపవలసిన పనిలేదు. కర్ణభేరి లోపలికి ముడుచుకుపోయి గుంట పడుతున్నవాళ్ళనైతే ఆపకూడదు కూడా. ఆ గుంటలో చర్మం పేరుకుని ఎముకను తినే కొలెస్టియటోమా అనే జబ్బుగా మారవచ్చు.

కాబట్టి మన ఊళ్ళలో అసలు చిక్కు ఆపరేషన్ దగ్గర లేదు. తేదీ వేసుకుని రెండోసారి చూడడం దగ్గర ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వస్తుంది. వాళ్ళు చూడవలసిన జబ్బుల జాబితాలో చెవి జబ్బు ఉంది, అంగిలి చీలిక ఉంది, వినికిడి లోపం ఉంది. మంచి ఏర్పాటు. కానీ వచ్చి పోయే ఈ నీటిని ఒక్కరోజు చూసి తేల్చలేం. జూన్‌లో చూస్తే చెవి శుభ్రంగా ఉండవచ్చు, జలుబుల కాలం వచ్చేసరికి నిండవచ్చు. ఒకసారి నీరు కనపడ్డ పిల్లలందరినీ ఆసుపత్రికి పంపితే చాలామంది అక్కడికి చేరేలోగా బాగుపడతారు, తల్లిదండ్రులకు కూలి పోతుంది, మరోసారి పంపితే రారు.

ట్రస్టువారికి నా విన్నపం ఇది. ఈ ఏటి ధర్మనిధి వడ్డీతో చేత్తో పట్టుకునే టింపానోమీటరు ఒకటి కొనండి. మండలంలోని అంగన్‌వాడీల్లో, ఒకటి రెండు తరగతుల్లో ఉన్న పిల్లలకు నవంబరు ఆఖరు వారంలో ఒకసారి పరీక్ష చేయిద్దాం. గీత చదునుగా వచ్చినవారి పేర్లు టీచర్ల దగ్గర ఉంచి, ముందు వరుసలో కూర్చోబెట్టి, వారికి మాత్రమే ఫిబ్రవరి ఆఖరున రెండోసారి చేయిద్దాం. రెండుసార్లూ రెండు చెవులూ చదునుగా ఉన్న పిల్లల్ని మా ఆసుపత్రికి పంపండి. శనివారం మధ్యాహ్నాలు వాళ్ళకే కేటాయిస్తాను. ఆడియోగ్రామ్‌కు రుసుము ఉండదు. వచ్చేటప్పుడు పిల్లవాడి చూచిరాత పుస్తకం, డిక్టేషన్ పుస్తకం రెండూ తీసుకురమ్మని తల్లులతో చెప్పండి.